పిల్లలకూ రక్తపోటు – ఇంటి ఇరుకు, వీధి చప్పుడు, చాలని నిద్ర



రక్తపోటు అనగానే మనకు గుర్తుకు వచ్చేది యాభై దాటిన పెద్దలు, ఉదయము టిఫిను తరువాత వేసుకొనే చిన్న మాత్ర, ఉప్పు తగ్గించండి అని చెప్పే డాక్టరుగారు. పదేండ్ల పిల్లవాని చేతికి పట్టీ చుట్టి బి.పి. చూడడము మనలో చాలామందికి అలవాటు లేని పని. అయితే 2016 నుండి 2018 వరకు మన దేశములో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుండి 19 సంవత్సరముల వయస్సు గల వారిలో నూటికి అయిదుగురికి రక్తపోటు ఎక్కువగా ఉన్నట్లు తేలినది. అంటే నలభై మంది కూర్చున్న ఒక తరగతి గదిలో ఇద్దరు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మా వంటివారికి ఏ లెక్క చెప్పినా తరగతి గదిగానే కనబడుతుంది. ఆ ఇద్దరు ఏ బెంచీలో కూర్చున్నారో పిల్లలకూ తెలియదు, పంతులుకూ తెలియదు, ఇంట్లో తల్లిదండ్రులకూ తెలియదు. ఎందుకంటే ఎక్కువమంది పిల్లలలో ఈ జబ్బు ఏ గుర్తూ చూపదు.

పిల్లల రక్తపోటుకు వంశము, అధిక బరువు, ఉప్పు ముఖ్య కారణములని చాలామందికి తెలుసు. ఈ పాఠములో మేము చెప్పదలచినది వాటి వెనుక నిలిచియుండే మరొక సంగతి. పిల్లవాడు పెరిగే చోటు కూడా అతని రక్తపోటును మలుస్తుంది. ఎడతెగని చప్పుడు, ఇరుకు, చాలని నిద్ర, ఇంట్లో రోజూ జరిగే గొడవ, ఇవన్నీ శరీరములో లెక్కకు వస్తాయి. బెంగళూరులో స్థిరపడిన మనము దీనిని తెలిసికొనవలసిన అవసరము ఎక్కువ. 1991 జనాభా లెక్కలలో సుమారు 41 లక్షలు ఉన్న ఈ పట్టణము 2011 నాటికి సుమారు 85 లక్షలకు పెరిగినది. మన కుటుంబములు చాలావరకు ఆ పెరుగుదలలో భాగముగా వచ్చినవే.

ముందుగా రక్తపోటు అంటే ఏమిటో పిల్లలకు చెప్పినట్లే చెప్పుకొందాము. గుండె ముడుచుకొన్నప్పుడు రక్తము రక్తనాళముల గోడలను త్రోస్తుంది. ఆ త్రోపు పై అంకె. గుండె సడలినప్పుడు మిగిలియుండే త్రోపు క్రింది అంకె. పెద్దలకు 120/80 అనే ఒక్క కొలత గుర్తుంటే చాలు. పిల్లలకు అలా కుదరదు. ఆరేండ్ల పాపకు పై అంకె 120 వచ్చినదంటే, పెద్దలలో అది భయపడవలసిన అంకె కాకపోయినా, ఆ పాపకు మాత్రము ఎక్కువే. అందుచేత పదమూడేండ్ల లోపు పిల్లలకు వయస్సు, ఎత్తు, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నది చూచి, పట్టికతో పోల్చి డాక్టరు నిర్ణయిస్తారు. పదమూడు దాటిన తరువాత లెక్క సులువు. 120/80 లోపు ఉంటే మంచిది, 130/80 గాని అంతకు మించి గాని ఉంటే ఎక్కువ, మధ్యలో ఉంటే కనిపెట్టి చూడాలి. ఒక్కసారి చూచి ఎవరూ తీర్పు చెప్పరాదు. వేరు వేరు రోజులలో మూడుసార్లు చూచినప్పుడు ఎక్కువగా ఉంటేనే అది రక్తపోటు.

ఈ మధ్య మన సంఘ సభ్యుడొకరు కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. అనంతపురము జిల్లానుండి వచ్చి పదిహేనేండ్లుగా కె.ఆర్. పురము వైపు ఉంటున్న కుటుంబము. బాలునికి పదమూడేండ్లు. ఒక వైద్య శిబిరములో చూస్తే 138/86 ఉన్నదట. "ఏంది సార్, పిల్లోనికి బీపీ యాడనుంచి వస్తాది? ఆ మిషను చెడిపోయుంటాది" అని ఆయన మాట. మిషను చెడిపోయే అవకాశము లేకపోలేదు, కొత్త చోట పిల్లవాడు బెదిరిపోయి ఉండవచ్చును కూడా. అందుకే మరి రెండుసార్లు పిల్లల డాక్టరు దగ్గర చూపించమని చెప్పినాము. ఆ రెండుసార్లూ అంకె తగ్గినది గాని 120 లోపునకు రాలేదు. మూత్ర పరీక్ష, రక్త పరీక్ష బాగానే ఉన్నవి. అప్పుడు డాక్టరుగారు మందు వ్రాయలేదు. పిల్లవాడు రోజంతా ఎలా గడుపుతాడు అని అడిగారట. ఆ ప్రశ్నకు జవాబు ఏమిటో చదివేవారు ఊహించగలరు. తెల్లవారుజామున అయిదు గంటలకు ట్యూషను. స్కూలు బస్సులో వెళ్ళడానికి గంట, రావడానికి గంటన్నర. మళ్ళీ సాయంత్రము ట్యూషను. ఇల్లు ఒక గది, వంటిల్లు. ఆ గదిలోనే టీ.వీ., నాయనమ్మ, చిన్న చెల్లెలు. పడుకొనేసరికి పదకొండున్నర. ఆ బాలుడు ఇప్పటికీ డాక్టరుగారి పరిశీలనలోనే ఉన్నాడు. ఈ దినచర్యే కారణమని మేము తేల్చి చెప్పడము లేదు, ఒక్క పిల్లవాని విషయములో ఎవరూ అలా చెప్పలేరు. కాని డాక్టరుగారు ఆ ప్రశ్న ఎందుకు అడిగారో తెలిసికొనవలసినది చాలా ఉన్నది.

ఉలికిపాటు, భయము, కోపము కలిగినప్పుడు మెదడు శరీరమునకు ఒక హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండముల మీద టోపీలవలె కూర్చున్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసములను రక్తములోనికి వదులుతాయి. గుండె వేగము పెరుగుతుంది, సన్నని రక్తనాళములు బిగుసుకొంటాయి, రక్తపోటు ఎక్కుతుంది. కుక్క తరిమితే పరుగెత్తడానికి ఇది కావలసినదే. కుక్క పోయిన తరువాత అన్నీ మళ్ళీ దిగిపోతాయి. మన పక్కనే ఉన్న మైసూరులో, మిషనరీలు స్థాపించిన హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో దీనిని పిల్లలలోనే కొలిచి చూచారు. కౌమార వయస్సు పిల్లలను పరీక్షకుల ఎదుట నిలబెట్టి అయిదు నిమిషములు మాట్లాడించి, అయిదు నిమిషములు నోటి లెక్కలు చేయించారు. గుండె వేగము, రక్తపోటు, కార్టిసాల్ పెరిగినట్లు 2014లో ప్రకటించారు. నోటి లెక్కలు అడిగిన ప్రతి పంతులూ ఎన్నోసార్లు చూచినదే ఇది, చెమట పట్టిన చేతులు, ఎండిన గొంతు. కాకపోతే మేము కొలవలేదు, వారు కొలిచారు.

పది నిమిషముల పరీక్ష వలన ఎవరికీ జబ్బు రాదు. చిక్కు ఎక్కడంటే, కుక్క పోకుండా రోజంతా వాకిటిలోనే మొరుగుతూ ఉన్నప్పుడు. అప్పుడు దిగవలసిన పోటు పూర్తిగా దిగదు. దీనికి ఉప్పు తోడైతే మరీ కష్టము. 1983లో అమెరికాలో యువకులచేత సుమారు గంటసేపు పోటీ పనులు చేయించి చూచారు. తల్లిదండ్రులలో రక్తపోటు ఉన్నవారు, తమకే అంచున ఉన్నవారు, వీరిలో కొందరి శరీరము ఆ ఒత్తిడి సమయములో ఉప్పును, నీటిని బయటకు పంపక పట్టి ఉంచినది. గనుక ఒత్తిడి వేరు, ఉప్పు వేరు అని విడదీయడానికి లేదు. ఊరినుండి బస్సులో వచ్చే ఆవకాయ జాడీ, గోంగూర పచ్చడి, అప్పడములు, వాటికి తోడు ఇక్కడ బేకరీలో దొరికే చిప్సు పొట్లము, ఇవి తిని తెల్లవారి పరీక్షకు పరుగెత్తే పిల్లవాని సంగతి ఆలోచించండి. పెద్దవారికే రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు చాలునని, పిల్లలకు ఇంకా తక్కువ చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అయిదు గ్రాములు అంటే ఒక టీ చెంచాకు మించదు, అదీ పచ్చడిలో, పప్పులో, చిప్సులో ఉన్నదంతా కలిపి.

ఇక చప్పుడు. 1980లో అమెరికాలోని లాస్ ఏంజిలెస్ విమానాశ్రయము దగ్గర ఒక పరిశోధన జరిగినది. విమానములు నెత్తిమీదుగా పోయే స్కూళ్ళ పిల్లలను, నిశ్శబ్దముగా ఉన్న స్కూళ్ళ పిల్లలను పోల్చి చూచారు. చప్పుడులో చదివే పిల్లల రక్తపోటు ఎక్కువగా ఉన్నది. అంతే కాదు, ఇచ్చిన చిక్కుముడిని మధ్యలోనే వదిలివేసే స్వభావము కూడా వారిలో ఎక్కువగా కనబడినది. జర్మనీలోని మ్యూనిక్‌లో ఇంకా మంచి అవకాశము దొరికినది. 1992లో అక్కడ పాత విమానాశ్రయము మూసి కొత్తచోట తెరిచారు. తెరువకముందే ఆ ప్రాంతపు పిల్లలను పరీక్షించి, తెరిచిన తరువాత మరల పరీక్షించారు. కొత్త విమానాశ్రయము దగ్గరి పిల్లలలో రక్తపోటు, ఒత్తిడి రసములు పెరిగినవి. పాత విమానాశ్రయము మూసిన చోట పిల్లల చదువు, జ్ఞాపకశక్తి మెరుగైనవి. అన్ని పరిశోధనలూ ఇంత తేటగా చెప్పడము లేదన్నది కూడా చెప్పవలసినదే. లండన్, ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయముల దగ్గర పిల్లలను చూచినప్పుడు రక్తపోటు విషయములో రెండు చోట్లా ఒకే ఫలితము రాలేదు.

మన బెంగళూరులో కూడా ఇటువంటి మార్పు జరిగినది. 2008 మే నెలలో ప్రయాణికుల విమానములు హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయమునుండి దేవనహళ్ళికి మారిపోయినవి. మురుగేశ్‌పాళ్యలో, మారతహళ్ళిలో ఆ కాలమున ఉన్నవారు, విమానము పోయేవరకు మాట ఆపి మళ్ళీ మొదలుపెట్టడము ఎలా ఉండేదో చెప్పగలరు. విమానములు పోయినవి గాని, ఆ ఖాళీని హారన్లు నింపినవి. ఈ పట్టణములో రిజిస్టరైన వాహనములు ఇప్పుడు కోటి దాటినవి.

చట్టము లేక కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. స్కూళ్ళు, ఆసుపత్రుల చుట్టూ వంద మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతముగా ప్రకటించినచోట పగలు 50, రాత్రి 40. రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు బయట లౌడు స్పీకరు పెట్టరాదు. ఈ నియమము పక్క వీధి వినాయకుని పందిరికి ఎంత వర్తిస్తుందో మన ఉజ్జీవ కూటములకూ అంతే వర్తిస్తుంది. ఈ మాట సంఘ పెద్దలు కొంచెము నెమ్మదిగా ఆలోచించాలని మా మనవి. ఇరుకు వీధిలో ఉన్న మందిరములో పెట్టె స్పీకర్లు కిటికీవైపు తిప్పి పెట్టడము వలన వాక్యము ఎక్కువమందికి చేరుతుందో లేదో గాని, పక్కింటి పసిబిడ్డ మాత్రము నిద్ర లేస్తుంది.

అయితే మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది విమానముల పరిశోధన కాదు, మన దేశములోనే జరిగినది. గ్యారీ ఎవాన్స్ అనే అమెరికా పండితుడు, పుణె విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పల్సానే మొదలగువారు కలిసి, శ్రామిక కుటుంబములలో 10 నుండి 12 ఏండ్ల పిల్లలను పరిశీలించి 1998లో ఫలితములు ప్రకటించారు. వారు చూచినది ఇంటి ఇరుకు. ఎక్కువమంది కలిసి తక్కువ చోటులో ఉండే ఇండ్లలో పిల్లల చదువు వెనుకబడినది, స్కూలులో ప్రవర్తన చెడినది, మగపిల్లలలో రక్తపోటు ఎక్కువైనది. కుటుంబపు ఆదాయములో తేడాలను లెక్కలోనికి తీసికొన్న తరువాత కూడా ఈ ఫలితము నిలిచినది. అంటే, ఇది పేదరికము మాత్రమే కాదు. మరి ఇరుకు పిల్లవానిని ఏ దారిన చేరుతున్నది? వారు కనిపెట్టిన ఒక ముఖ్యమైన దారి తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య పెరిగే ఘర్షణ. చోటు తక్కువైనకొద్దీ మాట గట్టిదవుతుంది, విసుగు ముందుకు వస్తుంది, తండ్రి కేకలు వేస్తాడు, పిల్లవాడు ముడుచుకొంటాడు.

ఇది చదివినప్పుడు మాకు దుఃఖమూ కలిగినది, ఊరట కూడా కలిగినది. దుఃఖము ఎందుకంటే, మన కుటుంబములలో ఎన్నో ఈ వర్ణనలో సరిగ్గా ఇముడుతాయి. ఊరిలో అరుగు ఉండేది, పెరడు ఉండేది, చెట్టు క్రింద మంచము ఉండేది, నాయన కోపములో ఉన్నప్పుడు పిల్లవాడు పోయి కూర్చోవడానికి తాతగారి ఇల్లు ఉండేది. ఇక్కడ ఒకటే గది. అద్దెలు చూస్తే రెండవ గది మాట ఎత్తలేము. ఊరట ఎందుకంటే, గదిని పెద్దది చేయడము మన చేతిలో లేకపోయినా, గదిలోని గొంతును చిన్నది చేయడము మన చేతిలో ఉన్నది. ఇల్లు మారకుండానే తగ్గించగలిగిన భాగము ఒకటి ఉన్నదని ఆ పరిశోధనను బట్టి మేము అర్థము చేసికొన్నాము. రాత్రి తొమ్మిది దాటిన తరువాత టీ.వీ. కట్టివేయడము, లెక్కల నోటు పుస్తకము చూచేటప్పుడు పక్కింటి పిల్లవాని మార్కులు ఎత్తకుండా ఉండడము, గదిలో ఒక మూలను చదివేవానికి వదలి ఆ మూలకు ఎవరూ వెళ్ళకుండడము. ఇవి చిన్న పనులే, కాని ఖర్చు లేనివి.

వలస వచ్చినవారి సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. కెన్యా దేశములో లువో అనే జాతివారు పల్లెలనుండి నైరోబీ పట్టణమునకు వలస వచ్చినప్పుడు వారిని వెంబడించి చూచిన పరిశోధన 1990లో అచ్చయినది. పట్టణము చేరిన కొద్ది నెలలలోనే, పల్లెలో ఉండిపోయినవారికంటె వీరి రక్తపోటు పెరిగినది. ఉప్పు పెరిగి, కూరగాయల ద్వారా వచ్చే పొటాషియము తగ్గడము ఒక కారణము. నాడి వేగము కూడా పెరగడము ఒత్తిడిని సూచించినది. దీనికి ఎదురుగా ఇటలీలో 1988లో ప్రకటించిన మరొక పరిశోధన కలదు. మఠములో ఏకాంతముగా జీవించే 144 మంది కన్యాస్త్రీలను, బయట సంసారములు చేసికొనే 138 మంది స్త్రీలను ఇరువది సంవత్సరములు కనిపెట్టి చూచారు. మొదట ఇద్దరి రక్తపోటూ ఒకటే. బయటివారికి వయస్సుతోపాటు పెరిగినది, మఠములోని వారికి దాదాపు పెరగలేదు. ఉప్పు వాడకములో పెద్ద తేడా లేదు. ఈ రెండూ పెద్దల మీద జరిగినవి గనుక పిల్లలకు యథాతథముగా అన్వయించరాదు. కాని వయస్సు వచ్చినకొద్దీ బి.పి. రావడము సహజమే అని మనము అనుకొనే మాట ఎంతవరకు నిజమో ఇవి అడుగుతున్నవి.

నిద్ర సంగతి. 6 నుండి 12 ఏండ్ల పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 ఏండ్ల వారికి 8 నుండి 10 గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్యులు 2016లో నిర్ణయించి చెప్పారు. నిద్రలో రక్తపోటు సహజముగా కొంత దిగుతుంది. ఆ విశ్రాంతి తగ్గితే నష్టము. పైన చెప్పిన బాలునికి దొరుకుచున్నది అయిదున్నర గంటలు. దానిని ఎవరు దొంగిలించారని అడిగితే ట్రాఫిక్ అని చెప్పడము సులువు, అందులో నిజము కూడా ఉన్నది. 2022 సంవత్సరములో టామ్‌టామ్ సంస్థ లెక్క ప్రకారము బెంగళూరు నడుమ పది కిలోమీటర్లు పోవడానికి సగటున 29 నిమిషముల 10 సెకండ్లు పట్టినది, లండన్ తరువాత ప్రపంచములో అదే రెండవది. గనుక పేరున్న దూరపు స్కూలు మంచిదా, నడచిపోగలిగిన సామాన్యమైన స్కూలు మంచిదా అని అడిగితే, మా అభిప్రాయము రెండవదే. అందరూ ఒప్పుకోరని మాకు తెలుసు. రోజుకు రెండున్నర గంటలు బస్సులో కూర్చున్న పిల్లవానికి ఆటకు పొద్దు మిగలదు, ఆట లేకపోతే బరువు పెరుగుతుంది, పెరిగిన బరువు మళ్ళీ రక్తపోటు దగ్గరకే తెస్తుంది. మన గృహ కూడికలు కూడా ఎనిమిదిన్నరకు ముగిస్తే మరునాడు స్కూలుకు పోయే పిల్లలకు మేలు.

ఇప్పుడు చూపించే విధానము. అమెరికా పిల్లల వైద్యుల సంఘము 2017లో, మూడేండ్లు నిండిన ప్రతి పిల్లకు సంవత్సరమునకు ఒకసారైనా బి.పి. చూడాలని సలహా ఇచ్చినది. జలుబుకో జ్వరమునకో డాక్టరు దగ్గరకు పోయినప్పుడు మనమే అడగవచ్చును. పిల్లవాడు వీపు ఆనించి, పాదములు నేలమీద ఆన్చి, మూడు నుండి అయిదు నిమిషములు ఊరక కూర్చున్న తరువాత కుడిచేతికి చూడాలి. మెట్లు ఎక్కి రొప్పుతూ వచ్చినవానికి వెంటనే చూస్తే ఆ అంకెకు విలువ లేదు. తెల్లకోటు చూస్తేనే అంకె ఎక్కే పిల్లలు ఉంటారు, అటువంటివారికి ఇరువదినాలుగు గంటలు నడుముకు కట్టుకొనే యంత్రముతో చూస్తారు.

చిన్న పిల్లలలో, ముఖ్యముగా పదేండ్ల లోపు, రక్తపోటు నిజముగా ఎక్కువగా ఉంటే దానిని ఒత్తిడి మీదకు నెట్టి కూర్చోరాదు. చాలాసార్లు మూత్రపిండముల జబ్బు, కొన్నిసార్లు పెద్ద రక్తనాళము ఇరుకుగా ఉండడము కారణమవుతుంది. పరీక్షలు తప్పనిసరి. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడము, ఫిట్స్ వస్తే ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోవాలి. నిమ్‌హాన్స్ సమీపమునున్న ఇందిరాగాంధీ పిల్లల ఆరోగ్య సంస్థ, కోరమంగలలోని సెయింట్ జాన్స్, 1973లో మొదలైన మన హెబ్బాళ బాప్టిస్టు ఆసుపత్రి, వీటిలో పిల్లల డాక్టర్లు ఉన్నారు. మందు అవసరమా కాదా వారే చెప్పాలి. తాతగారి బి.పి. మాత్రలో సగము విరిచి మనవనికి ఇవ్వడము ఎట్టి పరిస్థితిలోనూ కూడదు.

మరొక చిన్న సంగతి. మందిరములో ఎవరైనా బి.పి. శిబిరము పెట్టునప్పుడు పెద్దల పట్టీతోనే పిల్లలకూ చూడడము జరుగుతుంది. చేతికి పట్టీ మరీ పెద్దదైతే అంకె తక్కువగా, చిన్నదైతే ఎక్కువగా చూపుతుంది. పట్టీ లోపలి గాలిసంచి వెడల్పు పిల్లవాని పై చేయి చుట్టుకొలతలో కనీసము నూటికి నలభై వంతు ఉండాలి. మందుల షాపులలో, వైద్య పరికరముల అంగళ్ళలో పిల్లల పట్టీలు రెండు మూడు సైజులలో వేరుగా దొరుకుతాయి. శిబిరము తేదీ నిర్ణయించే ముందు ఆ పట్టీలు ఉన్నవో లేవో నర్సమ్మగారిని అడిగి చూడండి.